సింగరేణి మూసేసిన బొగ్గు బాయిల్లో గాలి నింపి కరెంటు దాచుకోలేమా?

పరకాల_రైస్‌మిల్
మాది పరకాల దగ్గర పారాబాయిల్డ్ మిల్లు. షెడ్డు మీద సోలార్ వేశాం. మధ్యాహ్నం ప్యానెళ్లు దంచి ఇస్తాయి. ఆ టైంలో లోడు తక్కువ. సాయంత్రం లోడు పెరిగే సరికి సూర్యుడు ఉండడు, పైగా పీక్ టైం రేటు. బ్యాటరీ కొటేషన్ అడిగితే చెప్పిన రేటు విని ఫోన్ పెట్టేశాను.

నా ప్రశ్న వేరే. చైనాలో ఫీచెంగ్ అనే చోట భూమిలోపల గాలిని కుక్కి, అవసరమైనప్పుడు వదిలి టర్బైన్ తిప్పి 300 మెగావాట్లు తీస్తున్నారు, 2024లో గ్రిడ్‌కి కలిపారు. మనకి భూపాలపల్లి నుంచి బెల్లంపల్లి దాకా సింగరేణి తవ్వి వదిలేసిన బాయిలు ఎన్ని లేవు? అంత ఖాళీ జాగా భూమిలో ఊరికే పడి ఉంటే ఇక్కడ ఈ మాట ఎవరూ ఎందుకు ఎత్తరు?

ఇంకోటి. బియ్యంలో రంగు మారిన గింజల్ని గాలితో ఏరేసే సార్టెక్స్ మెషీన్ కోసం మిల్లులో స్క్రూ కంప్రెసర్ ఎలాగూ ఉంది. పెద్ద ట్యాంకు పెట్టి పగలు గాలి నింపుకుని రాత్రి వాడుకుంటే నడుస్తుందా?

హన్మకొండ_వైరింగ్
బ్యాటరీ రేట్లు ఏటేటా పడిపోతున్నాయి అన్నా. ఇంకో సీజన్ ఆగి బ్యాటరీయే పెట్టు. గాలితో కరెంటు అంటే వినడానికే బాగుంటది.

నర్సంపేట_మిర్చి
మా బోరుకి కంప్రెసర్ మోటారే. గాలి కిందికి పంపితే నీళ్లు పైకి వస్తయి. కరెంటు మాత్రం బాగా గుంజుతది. కాబట్టి గాలికి పని చేసే దమ్ముంది, ఖర్చే ఎక్కువ.

గోదావరిఖని_రిటైర్డ్
పరకాల తమ్మీ, నువ్వు బాయి దిగి చూడలేదు కాబట్టి ఖాళీ జాగా అంటున్నవ్. నేను బాయిల ఓవర్‌మన్‌గా, అంటే పని చేయించే సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన. బొగ్గు తీసినంక అక్కడ హాలు లెక్క జాగా మిగలదు. డీపిల్లరింగ్ చేసినప్పుడు పిల్లర్లు తీసుకుంటూ వెనక్కి వస్తం, పైకప్పు కూలిపోతది, కూలాలనే అట్ల చేస్తం. దాన్నే గోఫ్ అంటం. కొన్ని చోట్ల గోదావరి ఇసుకతోటి నింపేస్తం. మిగిలిన గ్యాలరీల్లో, అంటే సొరంగం దారుల్లో, ఊట నీళ్లు. అందులో గాలి నింపితే పగుళ్ల నుంచి ఎటు పోతదో ఎవడికీ తెల్వదు.

ఇంకా పెద్ద సంగతి. బొగ్గుకి గాలి తగిలితే తనంతట తనే వేడెక్కుతది. మా దగ్గర హీటింగ్ అంటరు. పాత పానెల్‌కి, అంటే బొగ్గు తీసేసిన భాగానికి, స్టాపింగులనే గోడలు కట్టి మూసేది ఎందుకనుకుంటున్నవ్? లోపలికి ఆక్సిజన్ పోవద్దని. గోడ వెనక నుంచి గాలి శాంపిల్ తీసి కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూస్తనే ఉంటరు. మేము గాలి ఆపడానికి గోడలు కడితే, నువ్వు ప్రెజర్ పెట్టి అదే గాలి ఎక్కిస్తా అంటున్నవ్. మంట పట్టాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

ఓరుగల్లు_స్టూడెంట్
కాకా చెప్పింది చదివాక ఒళ్లు జలదరించింది. మీథేన్ కూడా ఉంటది కదా?

గోదావరిఖని_రిటైర్డ్
ఉంటది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతది. మన బాయిల్లో జార్ఖండ్ అంత గ్యాస్ లేదు కానీ మూసిన బాయిలో ఎక్కడ ఎంత పేరుకుందో పైనుంచి చెప్పలేం.

పరకాల_రైస్‌మిల్
మరి జపాన్‌లో పాత బొగ్గు గనిలోనే చేశారని చదివాను కదా కాకా?

థర్మో_లెక్చరర్
చేశారు. హొక్కైడోలో కామిసునగావా అనే చోట, 2001లో, 2 మెగావాట్ల ప్రయోగ ప్లాంటు. కానీ ఉత్త బొగ్గు గోడల మధ్య గాలి నింపలేదు. లోపల కాంక్రీటు వేసి, గాలి బయటికి పోకుండా రబ్బరు పొర కట్టి వాడారు. అంటే గని దిగడానికి దారి మాత్రమే ఇచ్చింది, గాలిని పట్టి ఉంచింది కొత్తగా కట్టిన డబ్బా. అది పెద్ద ప్లాంటుగా ఎదగలేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం నార్టన్ దగ్గర సున్నపురాయి గనిలో 2,700 మెగావాట్లకి ప్లాన్ వేశారు, అదీ కట్టలేదు.

ఇప్పటిదాకా నిలబడ్డ పెద్ద ప్లాంట్లలో పేరున్నవి చూడండి. జర్మనీలో హంటార్ఫ్, 1978 నుంచి. అమెరికాలో అలబామా రాష్ట్రం మెకింటోష్, 1991 నుంచి. చైనాలో జింటాన్, యింగ్‌చెంగ్, మీరన్న ఫీచెంగ్. ఇవన్నీ ఉప్పు పొరల్లోనే. భూమిలోపలి ఉప్పు పొరలోకి నీళ్లు పంపి కరిగించి ఆ ఉప్పునీళ్లు బయటికి తోడేస్తే గది తయారవుతుంది. ఉప్పు గోడకి చిన్న పగులు వచ్చినా ఒత్తిడికి మెల్లగా తనే మూసుకుంటుంది, గాలిని వదలదు. హంటార్ఫ్‌లో అలాంటి గదులు రెండు, కలిపి దాదాపు 3 లక్షల 10 వేల క్యూబిక్ మీటర్లు, 46 నుంచి 72 బార్ల మధ్య నడుస్తాయి. ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత.

నర్సంపేట_మిర్చి
మన దగ్గర ఉప్పు పొర ఎక్కడిది సార్, ఉప్పు కిరాణ షాపులనే.

రాళ్లమ్మాయి_కేయూ
రాజస్థాన్‌లో బికనేర్ వైపు లోతులో ఉంది, హిమాచల్‌లో మండి దగ్గర ఉంది. తెలంగాణలో లేదు. కాబట్టి చైనా ప్లాంటుని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపడం కుదరదు.

గోదావరిఖని కాకా అన్నదానికి ఒక మాట కలుపుతా. మన బొగ్గు పొరల పైనా కిందా ఉండేది గోండ్వానా ఇసుకరాయి. దాంట్లో సన్నని రంధ్రాలుంటాయి, నీళ్లూ ఉంటాయి. గని వదిలేసి అలాంటి ఇసుకరాయి రంధ్రాల్లోనే గాలి నింపితే ఎలా ఉంటుందని అమెరికాలో అయోవాలో చూశారు, 270 మెగావాట్ల ప్లాను. ఆ రాయిలో గాలి కావలసినంత వేగంగా కదలదని తేలి 2011లో ఆపేశారు. రాయి గాలిని పట్టుకోవడం ఒక ఎత్తు, అడిగినప్పుడు వెంటనే వదలడం ఇంకో ఎత్తు.

హన్మకొండ_వైరింగ్
నేను మొదట్లోనే చెప్పిన. బ్యాటరీ.

కాజీపేట_లోకో
ఆగు భయ్యా, నీ బ్యాటరీ ఎక్కడికీ పోదు. గాలిని తక్కువ అంచనా వేయకు. మొత్తం గూడ్సు బండిని ఆపేది గాలే. బ్రేక్ పైపులో 5 కేజీల ప్రెజర్, ఫీడ్ పైపులో 6 కేజీలు. ఇంజన్ మీద కంప్రెసర్ నింపుతుంది, ప్రతి వ్యాగన్ కింద సిలిండర్‌లో నిల్వ ఉంటుంది. లీకు ఉందంటే బండి కదలనివ్వం. మాకు గాలి నిల్వ అంటే రోజువారీ పని.

థర్మో సార్‌ని ఒకటి అడగాలి. కంప్రెసర్ నడిచినంతసేపు హెడ్ చేయి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడంతా కరెంటు ఖర్చే కదా. అది పోయాక మిగిలిన చల్లగాలితో మళ్లీ కరెంటు తీస్తే ఏం మిగులుతుంది?

థర్మో_లెక్చరర్
మొత్తం కథ అక్కడే ఉంది లోకో గారూ, దీని గురించి కాస్త పొడుగ్గా రాస్తా.

సైకిల్ పంపు కొట్టినప్పుడు కింది భాగం వేడెక్కడం అందరికీ తెలుసు. 27 డిగ్రీల గాలిని వేడి బయటికి పోనీయకుండా ఒక్కసారిగా 8 బార్లకి నొక్కితే లెక్క ప్రకారం 270 డిగ్రీల దగ్గరికి పోతుంది. 70 బార్లకి ఒకే అంగలో నొక్కితే 700 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిని మామూలు కంప్రెసర్లు తట్టుకోవు, అందుకే అంచెలంచెలుగా నొక్కుతూ మధ్యలో చల్లారుస్తారు. హంటార్ఫ్‌లో ఆ వేడిని వృథాగా వదిలేశారు. తర్వాత గాలి బయటికి వచ్చి వ్యాకోచించేటప్పుడు బాగా చల్లబడుతుంది, టర్బైన్‌లో మంచు కట్టే పరిస్థితి. అందుకని సహజవాయువు కాల్చి దాన్ని వేడి చేశారు. మొత్తం సామర్థ్యం 42 శాతం, అంటే పెట్టిన శక్తిలో కరెంటుగా తిరిగి వచ్చేది అంతే. మెకింటోష్‌లో టర్బైన్ నుంచి వచ్చే పొగ వేడితోనే లోపలికి వచ్చే గాలిని ముందు కాస్త వేడి చేసి 54 శాతానికి తెచ్చారు. గ్యాస్ కాల్చడం అక్కడా తప్పలేదు.

ఈ పదిహేనేళ్లలో వచ్చిన అసలు మార్పు ఏంటంటే, ఆ వేడిని పారేయకుండా విడిగా దాచడం. నొక్కేటప్పుడు వచ్చిన వేడిని ఒత్తిడిలో ఉన్న వేడినీళ్లలోనో, నూనెలోనో, కరిగించిన లవణాల్లోనో, రాళ్ల గుట్టలోనో పెట్టి, గాలి తిరిగి వచ్చేటప్పుడు దానికే అందిస్తారు. గ్యాస్ అక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లో బియాస్కా దగ్గర ఆల్ప్స్ కొండల్లో వాడకం లేని సొరంగంలో 2016లో రాళ్ల గుట్టతోనే పరీక్షించారు. 33 బార్ల దాకా పోవాలనుకున్నా రెండు చివర్లా బిగించిన ప్లగ్గుల దగ్గర లీకుల వల్ల 7 బార్ల దగ్గరే ఆగారు. చైనా వాళ్లు జింటాన్‌లో 2022లో 60 మెగావాట్లతో మొదలుపెట్టి, ఫీచెంగ్‌లో 300 మెగావాట్లు, 1,800 మెగావాట్ అవర్ల దాకా వచ్చారు. అక్కడ సామర్థ్యం 72 శాతం అని ప్రకటించారు. 42 నుంచి 72కి రావడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. టర్బైన్ కన్నా వేడి నిల్వ చేసే ఆ ట్యాంకులే దీనికి కారణం.

ఓరుగల్లు_స్టూడెంట్
సార్ ఇదే క్లాసులో ఇట్ల చెప్తే ఎవరూ పడుకోరు.

హన్మకొండ_వైరింగ్
72 అయినా బ్యాటరీ 85 పైనే ఇస్తది సార్. నీళ్లని పైకి తోడి దాచి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసే పంప్‌డ్ స్టోరేజీ కూడా 75 దాకా ఇస్తది, అది మనకి ఆల్రెడీ ఉంది. నాగార్జునసాగర్‌లో ఏడు మిషిన్లు నీళ్లని వెనక్కి కూడా తోడతాయి. శ్రీశైలం ఎడమగట్టులో 900 మెగావాట్లు, అన్నీ రెండు వైపులా తిరిగేవే. ఇవుండగా గాలి ఎందుకు?

బీ_షిఫ్ట్_రామగుండం
థర్మల్ ప్లాంటులో పని చేస్తా కాబట్టి చెప్తున్నా, శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. పగలు సోలార్ ఎక్కువైనప్పుడు మేము లోడు దించుతాం, సాయంత్రం ఆరు దాటాక ఒక్కసారిగా ఎక్కిస్తాం. బాయిలర్‌కి ఈ పైకీ కిందికీ ఆట పడదు, ట్యూబులు తొందరగా పాడవుతాయి. ఆ మధ్యాహ్నం కరెంటు వదులుకునే బదులు 72 శాతం వెనక్కి వచ్చినా లాభమే.

రెండోది వయసు. హంటార్ఫ్ 1978లో మొదలై ఇన్నేళ్లు నడిచింది. లిథియం బ్యాటరీని అన్నేళ్లు నడిపి చూపించండి. మూడోది, గ్రిడ్‌కి తిరిగే బరువు కావాలి. పెద్ద టర్బైన్, జనరేటర్ తిరుగుతుంటే ఎక్కడో ఒక యూనిట్ ట్రిప్పయినా ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా పడిపోదు. బ్యాటరీ ఇన్వర్టర్‌తో అదే పని చేయించొచ్చు, కాదనను, కానీ ఇక్కడ అది ఉచితంగా వస్తుంది. హంటార్ఫ్ కట్టినప్పటి అవసరాల్లో ఒకటి, గ్రిడ్ మొత్తం పోతే దగ్గర్లోని అణు విద్యుత్ కేంద్రాన్ని మళ్లీ లేపడానికి కరెంటు ఇవ్వడం.

పంప్‌డ్ స్టోరేజీ బాగుంది, ఒప్పుకుంటా. సింగరేణి కూడా మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గుంతలో పెడతామని ముందుకొచ్చింది. కానీ పైనా కిందా రెండు చెరువులు, మధ్యలో ఎత్తు, ఇవన్నీ కుదిరే చోట్లు ఎన్ని ఉంటాయి?

గోదావరిఖని_రిటైర్డ్
మేడిపల్లి గుంతకి నీళ్లే సరైన పని. ఓపెన్‌కాస్ట్‌లో గాలి నిలవదు, నీళ్లు నిలుస్తయి. అండర్‌గ్రౌండ్ బాయిని ముట్టకుండా వదిలేయాలి, నా మాట ఇదే.

నర్సంపేట_మిర్చి
అందరూ పెద్ద ప్లాంట్లు మాట్లాడుతున్నరు. మా రైతులకి కరెంటు దాచే బదులు నీళ్లు దాచేది తేలిక కదా. పగలు సోలార్ దండిగా ఉన్నప్పుడే మోటార్లన్నీ నడిపి ఫారం పాండ్ నింపుకుంటే రాత్రి చేనుకాడికి పోయే పనే ఉండదు. పాముల భయం ఉండదు, స్టార్టర్ దగ్గర తడి చేయి పెట్టే పని ఉండదు. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం కట్టింది నిల్వ కోసమే కదా.

బీ_షిఫ్ట్_రామగుండం
వంద శాతం కరెక్టు మిర్చి అన్నా. వ్యవసాయ లోడు పగటికి జరిగితే సగం నిల్వ అవసరమే తగ్గుతుంది. మిగిలింది ఊళ్లు, ఫ్యాక్టరీలు, ఏసీలు. వాటిని పగటికి జరపలేం.

ఇంకో సంగతి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం 2031-32 నాటికి దేశానికి దాదాపు 74 గిగావాట్ల నిల్వ కావాలి. అందులో 27 గిగావాట్ల దాకా పంప్‌డ్ స్టోరేజీ, మిగతా 47 బ్యాటరీలు. గాలి నిల్వకి ఆ లెక్కలో చోటే లేదు. నాకు బాధ అనిపించేది ఇదే. కనీసం ఒక్క ప్రయోగ ప్లాంటు అయినా మన రాళ్లలో పెట్టి చూస్తే కదా పనికొస్తుందో లేదో తేలేది.

గ్రానైట్_కరీంనగర్
మన రాళ్లు అన్నారు కాబట్టి వచ్చిన. మాది క్వారీ. బొగ్గు వద్దు, ఉప్పు లేదు, మరి గ్రానైట్? కరీంనగర్, వరంగల్ కింద అంతా అదే. ఏకశిల గుట్ట చూడండి, ఒకటే రాయి.

రాళ్లమ్మాయి_కేయూ
ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని చూస్తున్నా. పైకి ఒకటే రాయిగా కనపడినా లోపల పగుళ్లుంటాయి, డైకులుంటాయి (రాతిని చీల్చుకుని గోడలా చొచ్చుకొచ్చిన వేరే రాయి), బోరు వేస్తే ఒక చోట నీళ్లు పడి పది గజాల పక్కన పడకపోవడం వాటి వల్లే. అయినా గట్టిరాయిలో గది తవ్వి ఒత్తిడితో సరుకు దాచడం మనకి కొత్త కాదు. విశాఖపట్నంలో సముద్రమట్టానికి 196 మీటర్ల కింద రాతిని తొలిచి 60 వేల టన్నుల వంటగ్యాస్ నిల్వ చేస్తున్నారు, 2007 నుంచి. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. పక్కనే ముడిచమురు గుహలున్నాయి, 13 లక్షల 30 వేల టన్నులు పడతాయి. వాటికి ఉక్కు తొడుగు లేదు. చుట్టూ రాతిలో బోర్లు వేసి నీళ్లు నింపుతారు, ఆ నీటి ఒత్తిడి లోపలి గ్యాస్ ఒత్తిడి కన్నా ఎక్కువ ఉంటుంది. పగుళ్లలోంచి నీళ్లు లోపలికి వస్తాయి తప్ప గ్యాస్ బయటికి పోదు. వాటర్ కర్టెన్ అంటారు.

గాలికి కూడా ఇదే సూత్రం మీద కెనడా కంపెనీ హైడ్రోస్టర్ పని చేస్తోంది. ఒంటారియోలో గోడెరిచ్ దగ్గర 2019లో 1.75 మెగావాట్ల చిన్న ప్లాంటు పెట్టారు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ దగ్గర 200 మెగావాట్లు, ఎనిమిది గంటలు ఇచ్చే ప్లాంటుకి ప్లాన్. అది పాత గనుల ఊరే, కాకా. కానీ కొత్త గది గట్టిరాయిలో తవ్వుతారు. గది దాదాపు 600 మీటర్ల లోతులో, పైన చెరువు, రెంటికీ మధ్య నీళ్ల బావి. గాలి లోపలికి పోతే నీళ్లు పైకి లేస్తాయి, గాలి తీస్తే నీళ్లు కిందికి దిగి తోస్తాయి. 600 మీటర్ల నీటి బరువు అంటే 60 బార్లు, ఎప్పుడూ ఒకటే ఒత్తిడి. హంటార్ఫ్‌లో లాగా గది ఖాళీ అవుతున్న కొద్దీ ఒత్తిడి పడిపోదు, గది కూడా చాలా చిన్నది సరిపోతుంది.

కాజీపేట_లోకో
ఇది బాగుంది. ఒత్తిడి మారకపోతే టర్బైన్‌కి కూడా హాయి.

గ్రానైట్_కరీంనగర్
600 మీటర్లు! మా క్వారీలో వంద మీటర్లు దిగితేనే గొప్ప. అంత లోతులో గ్రానైట్ తొలిచే ఖర్చు ఊహించండి. బ్లాస్టింగ్, రాయి పైకి ఎత్తడం, ఊట నీళ్లు తోడటం.

గోదావరిఖని_రిటైర్డ్
ఇక్కడ సింగరేణి అక్కరకొస్తది. షాఫ్ట్ దించేది, రాతి సొరంగం తోలేది, వైండింగ్ ఇంజన్ నడిపేది, ఊట తోడేది, ఈ పనులు తెలిసిన మనుషులు గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్‌లో ఉన్నరు. బొగ్గు బాయిలు ఒకటొకటి మూతపడుతున్నయి. మా పిల్లలు హైదరాబాద్ పోయి వేరే పనులు చేసుకుంటున్నరు. బాయి వద్దన్న కానీ బాయి పని తెలిసినోళ్లను వద్దనలేదు నేను.

రాళ్లమ్మాయి_కేయూ
కాకా ఈ మాట చాలా ముఖ్యం. గోదావరి లోయలో బొగ్గు పట్టీ దాటి పడమరకి కొద్ది దూరం వస్తే గ్రానైటే. సబ్‌స్టేషన్లు, 400 కేవీ లైన్లు రామగుండం, భూపాలపల్లి ప్లాంట్ల వల్ల ముందే ఉన్నాయి. పని తెలిసిన మనుషులూ అక్కడే ఉన్నారు. కావలసింది లోతు బోర్లు వేసి రాయి పగుళ్లు, నీటి ఒత్తిడి కొలవడం. ఆ లెక్క లేకుండా అవుననీ కాదనీ ఎవరూ చెప్పలేరు.

హన్మకొండ_వైరింగ్
సరే, పెద్ద ప్లాంటుకి ఒప్పుకుంటా, ఎనిమిది గంటలు కావాలంటే బ్యాటరీ ఖర్చు పెరుగుతది నిజమే. కానీ పరకాల అన్న అడిగింది మిల్లులో ట్యాంకు సంగతి కూడా. దానికి ఎవరూ జవాబు ఇయ్యలేదు.

ఓరుగల్లు_స్టూడెంట్
అంతకన్నా ముందు ఒకటి. ఎన్టీపీసీ వాళ్లు కర్ణాటకలో గాలి బదులు కార్బన్ డయాక్సైడ్‌తో పెడుతున్నారట, నిజమేనా?

బీ_షిఫ్ట్_రామగుండం
నిజమే. కూడ్గి ప్లాంటు దగ్గర, 160 మెగావాట్ అవర్లు. ఆర్డరు త్రివేణి టర్బైన్‌కి వచ్చింది, టెక్నాలజీ ఇటలీలోని ఎనర్జీ డోమ్‌ది. వాళ్లు సార్డీనియా దీవిలో నడిపి చూపించారు. కార్బన్ డయాక్సైడ్‌ని నొక్కి చల్లారిస్తే ద్రవం అయిపోతుంది, కాబట్టి గుహ అక్కర్లేదు, ఉక్కు ట్యాంకులు చాలు. వాడాక మళ్లీ పెద్ద గుడారం లాంటి డోమ్‌లో పట్టి ఉంచుతారు, బయటికి వదలరు.

మనకి చిక్కు ఒక్కటే. 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా అది ద్రవం కాదు. రామగుండం మే నెల తెలుసు కదా. చల్లారించడానికి నీళ్లు, కూలింగ్ టవరు బాగా లెక్క వేసుకోవాలి. కూడ్గి కూడా చల్లటి ఊరేం కాదు కాబట్టి అక్కడ ఎలా నడుస్తుందో చూడాలని నాకు చాలా ఆసక్తిగా ఉంది.

థర్మో_లెక్చరర్
మిల్లు లెక్కకి వస్తా. వెయ్యి లీటర్ల ట్యాంకులో గేజీ మీద 7 బార్లు చూపించేంత గాలి నింపారు అనుకోండి. దాంట్లోంచి ఏ నష్టమూ లేకుండా పిండగలిగినా వచ్చేది 0.27 యూనిట్. అంటే పావు యూనిట్ చిల్లర. 5 హెచ్‌పీ మోటారు నాలుగు నిమిషాలు నడుస్తుంది. నిజంగా చేస్తే అందులో సగం కూడా రాదు. కరెంటు దాచడానికి మిల్లు ట్యాంకు అస్సలు పనికిరాదు. భూమిలో లక్షల క్యూబిక్ మీటర్లు ఎందుకు వెతుకుతున్నారో ఇప్పుడు అర్థమవుతుంది.

పరకాల_రైస్‌మిల్
కరెంటుగా మార్చను సార్. గాలిని గాలిగానే సార్టెక్స్‌కి వాడతా. అప్పుడు మార్చే నష్టం లేదు కదా. పది వేల లీటర్ల ట్యాంకు అయితే?

థర్మో_లెక్చరర్
ఆలోచన సరైనదే, అంకె సరిపోదు. మీ సార్టెక్స్ వంద సీఎఫ్ఎం తీసుకుంటుంది అనుకుందాం, అంటే నిమిషానికి దాదాపు మూడు క్యూబిక్ మీటర్ల గాలి. పది వేల లీటర్ల ట్యాంకులో ఒత్తిడి 10 బార్ల నుంచి 7కి పడేలోపు 30 క్యూబిక్ మీటర్లు వస్తుంది. పది నిమిషాలు.

పరకాల_రైస్‌మిల్
పది నిమిషాలేనా!! పాత స్క్రాప్‌లో పెద్ద గ్యాస్ బుల్లెట్ ట్యాంకు ఒకటి చవగ్గా వస్తుందని మా మేస్త్రీ అంటున్నాడు. దాంట్లో ఇంకా ఎక్కువ ప్రెజర్ పెడితే?

టైర్ల_షాపు_హుజూరాబాద్
వద్దన్నా. దండం పెట్టి చెప్తున్న. మా రోడ్డు మీదనే ఒక షాపులో పాత కంప్రెసర్ ట్యాంకు పగిలి రేకుల కప్పు లేచిపోయింది. షాపు మూసి అందరూ అన్నానికి పోయిన టైం కాబట్టి మనుషులు దక్కిర్రు. గాలితో పాటు తేమ పోతది ట్యాంకులకి, అడుగున నీళ్లు నిలిచి లోపలి నుంచి తుప్పు తింటది, బయటికి రంగు మంచిగనే కనపడతది. రోజూ కింది వాల్వు తిప్పి నీళ్లు వదలాలె. సేఫ్టీ వాల్వు బిగించి కట్టేసేటోళ్లని చూసిన, అట్ల అస్సలు చేయొద్దు.

థర్మో_లెక్చరర్
హుజూరాబాద్ అన్న మాట ప్రతి మిల్లులో అతికించాలి. పది వేల లీటర్ల ట్యాంకులో 10 బార్ల గాలి పగిలితే మూడు కిలోలకు పైగా టీఎన్‌టీ అనే పేలుడు మందు పేలినంత శక్తి ఒక్కసారి బయటపడుతుంది. నీళ్లతో పరీక్షించిన సర్టిఫికెట్ లేని ట్యాంకులో గాలి నింపకూడదు. పరీక్ష కూడా నీళ్లతోనే చేయాలి, గాలితో కాదు. నీళ్లు నొక్కుకోవు కాబట్టి పగిలినా కారి ఊరుకుంటుంది.

కాజీపేట_లోకో
మేము రిజర్వాయర్లు ఓవర్‌హాలింగ్‌లో టెస్టు చేయకుండా బండికి ఎక్కించం. స్క్రాప్ ట్యాంకు మాట మర్చిపోండి అన్నా. దానికన్నా ముందు మీ మిల్లు గాలి లైన్ లీకులు చూసుకోండి. మెషీన్లన్నీ బంద్ చేసి, కంప్రెసర్ ఆపి, గేజీ ఎంతసేపట్లో పడిపోతుందో చూడండి. చాలా ఫ్యాక్టరీల్లో 20, 30 శాతం గాలి జాయింట్ల దగ్గరే పోతుంది. సబ్బు నీళ్లు, బ్రష్ ఉంటే చాలు.

పరకాల_రైస్‌మిల్
నిన్న రాత్రి మిల్లు ఆపాక చూశాను. సార్టెక్స్ దగ్గర రెండు కప్లింగులు, ఫిల్టర్ కింద డ్రైన్ వాల్వు, మూడూ బుడగలే. గేజీ కళ్ల ముందే దిగిపోయింది. ఇన్నాళ్లూ ఈ గాలి డబ్బు ఇచ్చి కొన్నాను.

కాజీపేట_లోకో
అదే చెప్పేది. సోలార్ మిగిల్చినంత అక్కడే మిగులుతుంది.

థర్మో_లెక్చరర్
ఇంకొకటి అడుగుతా. మీరు వడ్లు నానబెట్టడానికి నీళ్లు వేడి చేస్తారు కదా, ఎంత?

పరకాల_రైస్‌మిల్
65, 70 మధ్య. ఊక బాయిలర్ ఉంది, స్టీమ్‌తో చేస్తాం.

థర్మో_లెక్చరర్
మీ స్క్రూ కంప్రెసర్ 25 హెచ్‌పీ అనుకుంటే, తినే కరెంటులో చాలా భాగం వేడిగా ఆయిల్‌లోకి పోతుంది, ఫ్యాన్ దాన్ని షెడ్డులోకి ఊదేస్తుంది. ఆయిల్ లైన్‌లో చిన్న హీట్ ఎక్స్‌ఛేంజర్ పెడితే 15 కిలోవాట్ల దాకా వేడి నీళ్లకి వస్తుంది. అంటే గంటకి 350 లీటర్ల నీళ్లని 30 డిగ్రీల నుంచి 65కి తెస్తుంది. ఫీచెంగ్‌లో వేడిని దాచుతున్నారు, మీరు వెంటనే వాడేస్తారు, సూత్రం ఒకటే. నీళ్లయితే ఇన్సులేషన్ ట్యాంకులో రాత్రి దాకా నిలుస్తాయి కూడా. పగలు సోలార్‌తో కంప్రెసర్ నడుస్తుంది, వేడినీళ్లు సాయంత్రానికి ఉంటాయి.

హన్మకొండ_వైరింగ్
ఊక ఫ్రీగా ఉన్నప్పుడు ఈ గోల ఎందుకు సార్?

పరకాల_రైస్‌మిల్
ఫ్రీ ఎక్కడిది తమ్మీ, ఇటుక బట్టీల వాళ్లు లారీలు పెట్టుకుని కొంటున్నారు. మిగిలిన ఊక అమ్ముకోవచ్చు. థర్మో సార్, నానబెట్టే ట్యాంకులకి 350 లీటర్లు మూలకి కూడా రావు, కానీ బాయిలర్ ఫీడ్ వాటర్‌కి పంపితే? ఆ నీళ్లు ఇప్పుడు చల్లగానే పోతున్నాయి.

థర్మో_లెక్చరర్
అది ఇంకా మంచి చోటు. ఫీడ్ ట్యాంకు దగ్గరే పెట్టండి, పైపు పొడవు తగ్గుతుంది. ఒక జాగ్రత్త, ఆయిల్ మరీ చల్లబడకూడదు, కంప్రెసర్ లోపల తేమ గడ్డకడుతుంది. థర్మోస్టాట్ వాల్వు తప్పనిసరి. కంప్రెసర్ మోడల్ నంబరు, ఆయిల్ టెంపరేచర్ ఎంత చూపిస్తుందో రాసి పెట్టండి, ఎక్స్‌ఛేంజర్ సైజు లెక్క వేసి ఇక్కడే పెడతా.

గ్రానైట్_కరీంనగర్
రాళ్లమ్మాయి మేడం, మా క్వారీ పక్కన నీళ్ల కోసం వేసిన పాత బోర్లు ఉన్నయి, ఒకటి 300 మీటర్ల దాకా పోయింది, చుక్క పడలే. పగుళ్లు లేని రాయి కావాలంటే అది పనికొస్తదా? చూస్తానంటే కెమెరా దింపడానికి మావోళ్లు ఉన్నరు.

రాళ్లమ్మాయి_కేయూ
చుక్క పడని 300 మీటర్ల బోరు మాకు దొరకదు అన్నా, చాలా విలువైనది. కేసింగ్ ఎంత లోతు దించారు, ఎన్ని అంగుళాల బోరు, పైన మూత ఉందా? దయచేసి పూడ్చకండి. మా గైడ్‌తో మాట్లాడి ఈ వారంలోనే రాస్తా.

గ్రానైట్_కరీంనగర్
ఆరున్నర అంగుళాలు. మూత ఉంది, బండరాయి పెట్టినం. కేసింగ్ సంగతి బోరు బండి మేస్త్రీని అడిగి చెప్తా.